మన ఇంటి గుమ్మం దాటి లోపలికి ఎవరు వస్తున్నారు?

రేపల్లె ఆడపడుచు
జూన్ 8, రాత్రి 10:15

అందరికీ వందనాలు. మూడేళ్లుగా ఈ వేదికలో చదువుతున్నాను కానీ చర్చ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి.

మేము హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా ఆయన, నేను, పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల బాబు. ఆదివారం ఆరాధన మానం. రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. జీతం రాగానే దశమభాగం పక్కన పెడతాం. హాల్లో గోడ మీద "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అన్న పటం ఉంది. మా పెళ్లికి పెద్దత్తయ్య ఇచ్చింది.

పోయిన వారం మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటూ తలెత్తి అడిగింది. "అమ్మా, మన ఇంటికి సంఘం వాళ్లు, చుట్టాలు తప్ప ఇంకెవరూ ఎందుకు రారు?" నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఎదురు ఫ్లాట్‌లో నాలుగేళ్లుగా ఒంటరిగా ఉంటున్న పెద్దాయన పేరు కూడా నాకు తెలియదని ఆ రాత్రి తట్టింది. గుమ్మం ముందు చెప్పులు ఉన్నాయా లేవా చూసి ఆయన ఇంట్లో ఉన్నదీ లేనిదీ చెప్పగలను, అంతే.

మా తాతగారు రేపల్లె దగ్గర పల్లెలో మిషను బడి పంతులు. సంఘంలో వాక్యం బోధించే ఉపదేశి పనీ ఆయనదే. మా నాయనమ్మ ఎసరు పెట్టేటప్పుడు ఇంట్లో వాళ్ల లెక్కకు ఇద్దరిని కలిపి బియ్యం కడిగేది. వచ్చేది ఎవరో ఆమెకూ తెలియదు. వడ్డించే వేళకు ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని ఉండేవారు. అక్కడినుంచి రెండు తరాల్లో మేము ఇలా ఎలా మూసుకుపోయామో ఆలోచిస్తుంటే బాధగా ఉంది.

అబ్రాహాము ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయలుదేరాడని హెబ్రీ పత్రికలో చదువుతాం. మా ఇంట్లో వచ్చే డిసెంబరు సెలవుల దాకా అన్నీ ముందే రాసిపెట్టి ఉన్నాయి. ఉద్యోగాలు వదిలి ఎక్కడికో వెళ్లమన్న పిలుపు మాకు రాలేదు. ఉన్నచోటే, సోమవారం నుంచి శనివారం దాకా, కాస్త సాహసంగా బ్రతకడం ఎలా? వాక్యాలు నాకు తెలుసు. మీ ఇళ్లలో నిజంగా చేస్తున్నది చెప్పండి.


కృష్ణలంక అన్నయ్య
జూన్ 8, రాత్రి 11:02

చెల్లెమ్మా, వందనాలు. మా ఇంట్లో జరుగుతున్నది చెబుతాను. ఆరేళ్లుగా ప్రతి గురువారం రాత్రి మా బల్ల మీద రెండు కంచాలు ఎక్కువ పెడతాం. మా పై వాటాలో పోటీ పరీక్షలకు చదువుకునే ఇద్దరు అబ్బాయిలు అద్దెకు ఉండేవారు. ఒకరోజు వారిలో ఒకడు మెట్ల మీద కడుపు పట్టుకుని కూర్చున్నాడు. నెలల తరబడి బయట తిండి. ఆ రాత్రి మజ్జిగన్నం పెట్టాం. అది గురువారం.

మొదటి నెల మా ఆవిడ నాలుగు కూరలు చేసి, అప్పడాలు వేయించి, అలిసిపోయింది. రెండో నెలలో మానేద్దామనుకున్నాం. మానలేదు, వంట మార్చాం. అన్నం, పప్పుచారు, ఒక వేపుడు, పెరుగు. ఎవరు వచ్చినా అదే. ఒకసారి మా బ్యాంకు మేనేజరు గారు వచ్చారు, ఆయనకూ అదే. ఇల్లు సర్దడం కూడా మానేశాం. ఉతికిన బట్టలు కుర్చీలో కుప్పగా ఉంటే కుప్పగానే ఉంటాయి.

ఎవరూ రాని గురువారాలు చాలా ఉన్నాయి. అయినా కంచాలు పెడతాం. ఖాళీ కంచాలు చూసి పిల్లలే అడుగుతారు, "నాన్నా, ఈ వారం ఎవరినీ పిలవలేదా?" అని. అది విన్నాక పై వారం పిలవకుండా ఉండలేను.


కావలి సిస్టర్
జూన్ 9, ఉదయం 6:20

అన్నయ్య రాసింది బాగుంది. కానీ ఒక మాట ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనే అడుగుతాను. ఈ సాహసం చేసేది ఎవరు? వాకిట్లో నిలబడి "రండి, రండి, భోంచేసి వెళ్దురుగాని" అనేది మా ఆయన. లోపల పొయ్యి దగ్గర నిలబడేది నేను. ఉదయం అయిదింటికి లేచి, ఎనిమిదింటికి బడికి పాఠం చెప్పడానికి వెళ్లి, సాయంత్రం వచ్చేసరికి ముందుగదిలో నలుగురు. వాళ్లు వెళ్లాక గంగాళం నిండా అంట్లు. యేసు ఇంటికి వస్తే వంట పనుల్లో మునిగిపోయిన మార్త మీద ప్రసంగం చేసే వాళ్లు చాలామందే ఉన్నారు. మార్త అంట్లు తోమిపెట్టిన వాళ్లను నేనింకా చూడలేదు.

ఆతిథ్యం వద్దని కాదు. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. దాన్ని కుటుంబ సాహసం అని పిలిచేటప్పుడు కుటుంబం మొత్తం అందులో ఉండాలి.


కృష్ణలంక అన్నయ్య
జూన్ 9, ఉదయం 7:05

అక్కా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను రాయకుండా వదిలేసిన సంగతి అదే. రెండో ఏటి నుంచి గురువారం వంట నాది, గిన్నెలు మా పెద్దవాడివి. మా ఆవిడ వచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడుతుంది. మాట్లాడటం ఆమెకు నాకంటే బాగా వచ్చు. ఈ మార్పు జరగకపోతే గురువారం అన్నం ఎప్పుడో ఆగిపోయేది.


వంశధార
జూన్ 9, మధ్యాహ్నం 1:40

చిన్నపిల్లలున్న తండ్రిగా నా భయం చెబుతాను. ముక్కూమొహం తెలియని వాళ్లను ఇంట్లోకి పిలవడం ఈ రోజుల్లో క్షేమమేనా? విశ్వాసం పేరు చెప్పి పిల్లల్ని ప్రమాదంలోకి నెట్టే హక్కు మనకు ఉందా?


సికింద్రాబాద్ నర్సమ్మ
జూన్ 9, మధ్యాహ్నం 3:15

తమ్ముడూ, ఆ భయం ఉండాలి. ఇంట్లో మంచి తండ్రి ఉన్నాడనడానికి అది గుర్తు. మా ఇంట్లో పద్ధతులు చెబుతాను. వచ్చినవాళ్లు ముందుగదిలో, భోజనాల బల్ల దగ్గర ఉంటారు, వీధి తలుపు తీసే ఉంటుంది. పెద్దవాళ్లు ఎవరూ పిల్లలతో గదిలో ఒంటరిగా ఉండరు. మా సంఘకాపరికీ ఇదే, మా సొంత బావగారికీ ఇదే. మొహమాటం లేదు. రాత్రి బస అయితే మాకు బాగా తెలిసినవాళ్లకే. ఎవరి దగ్గరైనా ఇబ్బందిగా అనిపిస్తే వెంటనే అమ్మకు చెప్పాలని, చెబితే అమ్మ తిట్టదని పిల్లలకు నేర్పాం. ఒకసారి మా చిన్నది చెప్పింది కూడా. ఆ మనిషిని మళ్లీ పిలవలేదు. ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.


గుండ్లకమ్మ ఒడ్డు
జూన్ 10, రాత్రి 9:30

సాహసం అన్న మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. మాది ఒంగోలు వైపు. ఎర్రగుంట్ల పేరయ్య గారి పేరు ఈ తరం పిల్లలకు చెప్పాలి. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లి, ఏలూరు ప్రాంతంలో సువార్త విని, తిరిగి వచ్చి మొదట తన భార్య నాగమ్మ గారికి చెప్పారు. 1866లో ఇద్దరూ కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరువాత జరిగిందంతా రోజువారీ బ్రతుకులోనే జరిగింది. ఆ కాలంలో విశ్వాసులైన మాదిగ కుటుంబాలు ఆదివారం పనిచేయం అన్నాయి, జాతరలో డప్పు కొట్టం అన్నాయి. ఆ రెండు మాటలకే పని పోయింది, నీళ్లు పోయాయి, దెబ్బలు పడ్డాయి. ఈ రోజు మనం మధ్యాహ్నం నిద్రపోయే ఆదివారం వాళ్లకు ఏడు రోజులకొకసారి వచ్చే పరీక్ష. ఇంట్లో గింజలు లేకపోయినా పిల్లలను వెంటబెట్టుకుని ప్రార్థనకు నడిచేవారు. మా ముత్తాత తండ్రి ఆ పిల్లల్లో ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు.

1876-78 కరవులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. సాయంత్రాలు పలుగు పార పక్కన పెట్టి కూర్చున్న జనంతో మాట్లాడేవారు. కరవు సాయం అందుతున్నంతకాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం, గంజి కోసం ఎవరూ నమ్మకూడదని. సాయం ఆగిపోయాక జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున.

చెల్లెమ్మా, నీ ప్రశ్నకు నేరుగా జవాబు ఇది కాదేమో. కానీ మా ఇంట్లో ఏడాదికి ఒకసారి పిల్లలను ఆ ఒడ్డుకు తీసుకువెళ్లి ఇదంతా చెబుతాం. తరువాత అడుగుతాం, మనం వద్దు అనవలసిన డప్పు ఏది అని. పోయిన ఏడాది మా వాడు, తరగతిలో ఒక పిల్లవాడిని కులం పేరుతో ఏడిపించే గుంపులోంచి లేచి వచ్చి ఆ పిల్లవాడి పక్కన కూర్చున్నాడు. రెండు నెలలు వాడితో ఎవరూ ఆడలేదు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి రెండు నెలలు చాలా ఎక్కువ.


విశ్రాంత సంఘకాపరి
జూన్ 11, ఉదయం 5:50

గుండ్లకమ్మ తమ్ముడు కరవు సంగతి రాసి మంచి పని చేశాడు. నలభై ఏళ్ల పరిచర్యలో నేను చూసిన పెద్ద పొరపాటు అక్కడే ఉంది. అన్నం పెట్టి, చేయి కడుక్కునేలోపు కరపత్రం చేతిలో పెట్టడం. పిలిచింది తన కోసం కాదని వచ్చినవాడికి అర్థమైపోతుంది. పిలిచినవాడిని పిలిచినట్టు గౌరవించండి. మీ భోజనానికి ముందు మీరు చేసుకునే ప్రార్థన మానవద్దు, ఆయన కోసం పొడిగించనూ వద్దు. అడిగితే చెప్పండి, దాచవద్దు.

అజరయ్య గారిని తలచుకోవాలి. తమిళ దేశం నుంచి 1909లో దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చుకుని, ఈ పల్లెల్లో తిరిగిన మనిషి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో నిలబడి ఏం అడిగారు? మీరు మీ ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అన్నారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తూ కూడా మన వాళ్లను తమ ఇంట భోజనానికి పిలవని మిషనరీలు ఉన్నారన్న బాధ ఆ మాట వెనుక ఉంది. రెండేళ్లకు, 1912లో, ఆయన దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆయన అడిగిన స్నేహమే మీ ఎదురింటి పెద్దాయనకు కావలసి ఉండవచ్చు, అమ్మా.


నిర్వాహకులు
జూన్ 11, ఉదయం 9:00

దయచేసి ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు ఇక్కడ పెట్టవద్దు. రెండు సందేశాల్లోంచి తీసివేశాం.


పిడికెడు బియ్యం
జూన్ 12, రాత్రి 8:45

అందరూ పెద్ద చదువులు చదివినవాళ్లలా ఉన్నారు. మా ఆయన ఆటో నడుపుతారు, నేను కుట్టుపని చేస్తాను. ఖమ్మంలో రెండు గదుల అద్దె ఇల్లు. మాకు భోజనాల బల్ల లేదు. పిలవడానికి నలుగురికి చోటు లేదు. అయితే ఇదంతా మా వంటి వాళ్లకు కాదా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

మా అమ్మ అన్నం వండే ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూల ఉన్న చిన్న కుండలో పోసేది. ఆదివారం ఆ కుండ మందిరానికి వెళ్లేది. బియ్యం తక్కువైన రోజున కూడా పిడికెడు తీసేది, చెయ్యి కొంచెం వదులుగా మూసేది, అంతే. మిజోరాం సంఘాల్లో ఆడవాళ్లు 1910 నుంచి ఇలాగే చేస్తున్నారని, ఆ బియ్యంతోనే ఎంతో పని నడుస్తోందని మా సంఘం అయ్యగారు ఒకసారి చెబితే మా అమ్మ గుర్తొచ్చి ఏడ్చాను.

నేను మళ్లీ మొదలుపెట్టాను. కుండ లేదు, పాత బోర్నవిటా డబ్బా. నెలకు నాలుగు కిలోల దాకా అవుతోంది. మా వీధి చివర పక్షవాతం వచ్చిన ఒకామె ఉంది, కొడుకు చూడడు. ఆమెకు ఇస్తాం. డబ్బా మోసుకువెళ్లేది మా చిన్నది. మొదట్లో ఇచ్చి పరుగెత్తుకుని వచ్చేసేది, వాసనకు భయపడి. ఇప్పుడు కూర్చుని ఆమెకు తల దువ్వి వస్తోంది. పోయిన నెల మా ఆయన ఆటోకి ఇంజను పని వచ్చి పదిహేను రోజులు రాబడి లేదు. ఆ డబ్బాలోంచి తీసుకుందామా అని ఒక రాత్రి నేనే అన్నాను. మా చిన్నది డబ్బా తీసుకెళ్లి తన పక్క దగ్గర పెట్టుకుని పడుకుంది. తీయలేదు. ఆ పదిహేను రోజులు ఎలా గడిచాయో గడిచాయి.


రేపల్లె ఆడపడుచు
జూన్ 12, రాత్రి 10:30

పిడికెడు బియ్యం అక్కా, మీ మాటలు మా ఆయనకు చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.


పెద్దకొడుకు
జూన్ 14, సాయంత్రం 6:10

నాకు ఇరవై ఏళ్లు. ఇలాంటి ఇంట్లోనే పెరిగాను. మా ఇల్లు ఎప్పుడూ నిండా మనుషులే. సువార్తికులు, చదువు మానేసిన కుర్రాళ్లు, గొడవపడి ఇల్లు వదిలి వచ్చినవాళ్లు. అమ్మానాన్నలను అందరూ మెచ్చుకునేవారు. నా గది మాత్రం ఎప్పుడూ నాది కాదు. పదో తరగతి పరీక్షల్లో నెలరోజులు వంటింట్లో చదివాను. వచ్చిన వాళ్ల ముందు ముఖం ముడుచుకుంటే సాక్ష్యం పోతుందని మందలించేవారు. మూడేళ్లు మందిరంలో నోరు విప్పి ఒక్క పాట పాడలేదు.

తరువాత ఒకరోజు నాన్న నా దగ్గరికి వచ్చి, "నిన్ను అడగకుండా నీది ఇచ్చేశాను, నాన్నా. తప్పు నాది" అన్నారు. ఆ రోజునుంచి నా గది తలుపుకి లోపల గడియ వచ్చింది. ఎవరైనా ఉండాలంటే నన్ను అడుగుతారు. ఎక్కువసార్లు సరే అంటాను. రెండుసార్లు వద్దన్నాను, ఒప్పుకున్నారు.

పెద్దవాళ్లు దయచేసి పిల్లలను అడగండి. మీ ధైర్యానికి వెల వాళ్ల దగ్గరినుంచి వసూలు చేయకండి.


వంశధార
జూన్ 14, రాత్రి 9:00

తమ్ముడూ, ఇది రాసినందుకు నీకు రుణపడి ఉన్నాను. మా పెద్దదాన్ని ఈ రాత్రే అడిగాను.


ఏజెన్సీ మాస్టారు
జూన్ 16, ఉదయం 11:20

ఇక్కడ సిగ్నలు దొరికినప్పుడు చదువుతాను, అందుకే ఆలస్యం. మేము 2015లో నగరం వదిలి భద్రాచలం పై ఊళ్లకు వచ్చాం. నేను బడిలో, నా భార్య నర్సుగా ఒక చిన్న ఆసుపత్రిలో. సాక్ష్యం చెప్పమని పిలిచినప్పుడల్లా అందరూ ఇదే మహా సాహసం అన్నట్టు వింటారు. నిజం వేరే. వచ్చిన మొదటి ఏడాది మేము చేసిందల్లా మలేరియాతో వణకడం, పిల్లల చదువు గురించి పోట్లాడుకోవడం. ఊరు మారితే మనిషి మారడు. నగరంలో పొరుగువాడి పేరు తెలియని నాకు ఇక్కడా ఏళ్ల తరబడి తెలియలేదు.

2022 జులైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆసారి 71 అడుగులు దాటింది. మా ఇల్లు మెరక మీద ఉంది. చీకటి పడేసరికి పల్లం నుంచి జనం మూటలతో, మేకలతో, కోళ్ల గంపలతో ఎక్కివచ్చారు. మా రెండు గదుల్లో ఆ రాత్రి ఇరవై ఆరుగురం. ఒక ముసలమ్మ తన మేకపిల్లను బయట కట్టనని పట్టుబట్టింది. అది మా పరుపు మీద పడుకుంది. ఆరు రోజులు ఒకే కుండ గంజి. పక్కింటివాళ్ల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు, ఎవరికి ఏ జబ్బు ఉన్నదీ, అన్నీ ఆ ఆరు రోజుల్లోనే తెలిశాయి. ఏడేళ్లు ఎందుకు పట్టిందని నా భార్య అడిగితే నా దగ్గర మాట లేదు. వరద వస్తే తప్ప తలుపు తీయలేదు నేను.

చెల్లెమ్మా, నీ ఎదురింటి తలుపుకి నడిచేది ఆరడుగులు. అది నేను చేసిన ప్రయాణం కంటే చిన్నదనుకోవద్దు.


కువైట్ నుంచి
జూన్ 17, రాత్రి 11:50

ఇక్కడ మా ఆరాధన శుక్రవారం. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వచ్చిన అక్కచెల్లెళ్లలో సెలవు దొరికినవాళ్లు ఆరాధన అయ్యాక మా ఫ్లాట్‌కు వస్తారు. మేము పెద్దగా చేసేది ఏమీ లేదు. పడుకుంటారు. వారమంతా నిద్ర లేనివాళ్లు చాపల మీద రెండు గంటలు నిద్రపోతారు, మేము ఏసీ వేసి, పిల్లలను బయటకు తీసుకువెళ్తాం. లేచాక టీ తాగి ఇంటికి వీడియో కాల్ చేసుకుంటారు. నిద్రపోనివ్వడం కూడా ఆతిథ్యమేనని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.


రేపల్లె ఆడపడుచు
జూన్ 30, రాత్రి 10:40

వందనాలు. ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

ముందు పిల్లలను అడిగాం. అమ్మాయి వెంటనే సరే అంది. బాబు మాత్రం తన రైలు బొమ్మలు ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. సరే అన్నాం. చిన్న గిన్నెలో ఆవకాయ పట్టుకుని ఎదురు తలుపు కొట్టాను. ఆయన తలుపు పూర్తిగా తీయలేదు. చందా కోసం వచ్చాననుకున్నారట. "శనివారం రాత్రి మా ఇంట్లో భోంచేయండి" అన్నాను. "ఎందుకమ్మా?" అన్నారు. దానికి జవాబు సిద్ధం చేసుకోలేదు. "నాలుగేళ్లయింది కదండీ" అని మాత్రం అనగలిగాను.

వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సరిగ్గా ఏడింటికి. షుగరు ఉందట, అన్నం రెండు ముద్దలే. మొదటి ఇరవై నిమిషాలు చాలా కష్టంగా గడిచాయి. మా ఆయన వాతావరణం గురించి మాట్లాడారు, రెండుసార్లు. మేము ప్రార్థన చేసుకుంటుంటే ఆయన చేయి కంచంలోంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తరువాత తెలిసింది, ఆయన రైల్వేలో గూడ్సు బండి గార్డుగా ముప్పై మూడేళ్లు చేశారట. మా బాబు లేచి వెళ్లి రైలు బొమ్మలన్నీ పెట్టెతో సహా తెచ్చి ఆయన ముందు బోర్లించాడు. బ్రేకు వ్యాను ఎక్కడ తగిలించాలో, రాత్రిపూట పచ్చ దీపం ఎలా ఊపాలో చూపించారు. తొమ్మిదిన్నర దాకా కూర్చున్నారు.

రెండో శనివారం తోటకూర కట్టలు పట్టుకుని వచ్చారు. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ ఒకటి అడిగారు. ఆయనకు రోజూ రొట్టెలు చేసి ఇచ్చేది మా వాచ్‌మన్ భార్యట. జ్వరం వచ్చినప్పుడు చూసుకున్నదీ వాళ్లేనట. "ఈసారి వాళ్లను కూడా పిలవవచ్చా అమ్మా?" అన్నారు. మా ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఈ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ కుటుంబం లిఫ్టు ఎక్కితేనే అడిగేవాళ్లు ఉన్నారు. అసోసియేషన్‌లో మాట వస్తుందని ఇద్దరికీ తెలుసు. మా అమ్మాయి మా వైపే చూస్తోంది.

వచ్చే శనివారం మేము తొమ్మిది మందిమి. బల్ల చాలదు, హాల్లో చాపలు వేస్తున్నాం. అన్నం, పప్పుచారు, బెండకాయ వేపుడు, పెరుగు. కావలి అక్కా, గిన్నెలు మా ఆయనవి.